బండి ఇచ్చారు సరే, మెట్ల మాటేమిటి?

కృష్ణా జిల్లా గూడూరులో కొత్త ఇంటికి ముగ్గు పోసేటప్పుడు తాపీ మేస్త్రీకీ ఇంటాయనకీ మధ్య మొదట తేలాల్సిన లెక్క ఒకటుంది. రోడ్డుకంటే ఎంత ఎత్తు లేపాలి? (గూడూరు అనగానే చాలామందికి నెల్లూరు వైపున్న రైల్వే జంక్షన్ గుర్తొస్తుంది. ఇది అది కాదు, పామర్రు దాటి బందరు వెళ్లేటప్పుడు జాతీయ రహదారి మీద తగిలే ఊరు.) నేల నల్లరేగడి. చుట్టూ పంట కాలువలు, మురుగు కాలువలు. నాలుగు రోజులు గట్టిగా ముసురు పట్టిందంటే నీరు ఎటూ కదలదు. దానికి తోడు పాత రోడ్డు మీదే కొత్త సిమెంటు రోడ్డు వేస్తుంటారు. వేసిన ప్రతిసారీ వీధి బెత్తెడు పైకి లేస్తుంది, పాత ఇళ్లు బెత్తెడు పల్లంలోకి పోతాయి. అందుకే ఎవరికి వారు మెరక తోలించి, పునాది పెంచి, రెండున్నర మూడడుగుల ఎత్తున గచ్చు చేయించుకుంటారు.

ఇందులో దర్పం కొంత ఉంటే ఉండొచ్చు గానీ భయమే ఎక్కువ. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో పోయినవారి లెక్క 10 వేలు దాటింది. ఆ రెండో ఉప్పెనను కళ్లారా చూసినవాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు. ఎత్తు ఎందుకో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయితే ఆ ఇంట్లోనే పెద్దాయనకు పక్షవాతం వచ్చిననాడు, నాయనమ్మకు తుంటి ఎముక విరిగిననాడు ఆ ఎత్తుకు కట్టిన ఐదు మెట్లే అడ్డం తిరుగుతాయి. ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే కొడుకు ఒకవైపు, పక్కింటి కుర్రాడు ఇంకోవైపు పట్టుకుని కుర్చీతో సహా ఎత్తి దించాలి. మొదట్లో పిలిస్తే అందరూ వస్తారు. నెలలు గడిచేకొద్దీ పిలవడానికి వీళ్లకే మొహమాటం వేస్తుంది. చివరికి ఆసుపత్రికి తప్ప గుమ్మం దాటడమే మానేస్తారు. పెళ్లిళ్లకు వెళ్లరు, రామాలయానికి వెళ్లరు, సాయంత్రం వీధిలో నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడమూ ఉండదు.

విచిత్రమేమిటంటే ఈ ఊళ్లలో చాలా ఇళ్లకు ర్యాంపు ఉంది. కాకపోతే అది మోటారు సైకిలుకు. మెట్ల మధ్యనో ఓ పక్కగానో జానెడు వెడల్పున సిమెంటుతో ఏటవాలు పట్టీ తీయిస్తారు. రాత్రి తలుపు వేసే ముందు ఇంటబ్బాయి మొదటి గేరులో పెట్టి, ఒక్కసారి ఎక్సలేటరు తిప్పి బండిని వసారాలోకి ఎక్కించేస్తాడు. ఆ పట్టీ వాలు మెట్ల వాలే. అరడుగు ఎత్తు, పదకొండు అంగుళాల వెడల్పు ఉన్న మెట్ల మీద అది దాదాపు 1:2 అవుతుంది. అంటే రెండడుగులు ముందుకు పోతే అడుగు పైకి. ఇంజను ఎక్కుతుంది. చక్రాల కుర్చీ ఎక్కదు, బలవంతాన ఎక్కించినా దిగేటప్పుడు ఎవరి చేతుల్లోనూ ఆగదు. బండి వానలో తడవకూడదని ఇంత ఏర్పాటు చేసిన ఇల్లు మనిషి సంగతి మరిచిపోవడం పిసినారితనం వల్ల కాదు. కట్టేనాటికి ఆ ఇంట్లో అందరూ నడిచేవాళ్లే.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేం. కేంద్రం 1981లో మొదలుపెట్టిన అడిప్ పథకం కింద, కాన్పూరులోని అలిమ్‌కో సంస్థ తయారుచేసే మూడు చక్రాల సైకిళ్లు, బ్యాటరీ బండ్లు, చక్రాల కుర్చీలు శిబిరాలు పెట్టి పంచుతున్నారు. రాష్ట్రంలో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను రూ.6 వేలు, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి రూ.15 వేలు అయింది. మంచిదే. కానీ శిబిరం రోజున వరుసగా నిలబెట్టి ఫొటోలు తీసిన బండి సాయంత్రానికి ఏ ఇంటికి చేరుతుంది, ఆ ఇంటికి ఎన్ని మెట్లున్నాయి అని అడిగేవారు అరుదు. దాంతో బండి పట్టా కప్పుకుని వీధిలో ఉంటుంది, మనిషి లోపల మంచం మీద ఉంటాడు.

ఈ మధ్య దీనికి పరిష్కారంగా మడత ర్యాంపు కనిపిస్తోంది. ఫోన్లో వెతికితే సూట్‌కేసులా మడిచి చేత్తో పట్టుకెళ్లే అల్యూమినియం ర్యాంపులు వరసగా వస్తాయి. పరిమాణాన్ని బట్టి ధర పదివేల నుంచి పైకి పోతుంది. గుడివాడ, చల్లపల్లి, అవనిగడ్డ వైపు అమెరికా సంబంధం లేని వీధి ఉండదు కదా, అక్కడున్న పిల్లలు అక్కడి ఇళ్లలో చూసి అలాంటిదే ఇక్కడికి ఆర్డరు పెడతారు. ఒకటి రెండు మెట్లున్న గుమ్మానికి సరిపోయే సరుకు అది. ఇక్కడి ఐదు మెట్ల మీద వేస్తే నిచ్చెన వాల్చినట్టు నిలబడుతుంది. కొన్న వారానికే మంచం కిందికి చేరుతుంది.

డబ్బు కట్టేముందు టేపు తీసి కొలిస్తే ఈ తిప్పలుండవు. లెక్క సులువే. మనదేశంలోనైనా అమెరికాలోనైనా నిబంధనలు సాధారణంగా ఒప్పుకునే గరిష్ఠ వాలు 1:12, అంటే అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. అరడుగు మెట్టు ఒక్కటే ఉంటే ఆరడుగుల ర్యాంపు చాలు. మూడడుగుల గచ్చుకు కనీసం 36 అడుగులు కావాలి. మడత ర్యాంపులు ఎనిమిది పదడుగులకు మించి దొరకడం కష్టం, దొరికినా ఇంట్లో ఒక్కరు ఎత్తి వేసి తీసే బరువు కాదు. ఆరడుగులదే సుమారు 15 కిలోలుంటుంది.

మనిషి కూర్చున్న కుర్చీకి 1:6 దాకా, ఖాళీ కుర్చీకి 1:4 దాకా పర్వాలేదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఆ మాట అబద్ధమని కాదు గానీ, అది తోసేవారి రెక్కల బలాన్ని బట్టి నిజమయ్యే మాట. మనిషీ కుర్చీ కలిపి 75 కిలోలు, అంటే ఇక్కడి లెక్కలో ఒక ధాన్యం బస్తా అనుకుందాం. 1:12 వాలు మీద తోసేవారికి ఎదురొచ్చే బరువు 6 కిలోల పైచిలుకు. 1:6 మీద అది 12 దాటుతుంది, 1:4 మీద 18 అవుతుంది. డెబ్బయ్యేళ్ల భర్తను అరవై ఐదేళ్ల భార్య తోసుకెళ్లాల్సిన ఇంట్లో ఈ అంకెలే అన్నీ తేలుస్తాయి. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటే పగలంతా ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే.

పైగా ఎక్కించడం కంటే దించడంలోనే ప్రమాదం. కుర్చీని ముందుకు దించితే కూర్చున్నవారు జారి ముందుకు పడతారు. తోసేవారు ముందు దిగుతూ, కుర్చీని వెనక్కి వెనక్కి తీసుకురావాలి. కూర్చున్నవారి ముఖం ఇంటివైపే ఉండాలి. ర్యాంపు మీద తిప్పడం, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం పనికిరాదు.

ఇవన్నీ కలిపి చూస్తే తేలేది ఒకటే. ఎనిమిదడుగుల మడత ర్యాంపుతో రెండు మెట్లు దాటొచ్చు, అదీ తోసేవారికి సత్తువ ఉంటే. అంతకు మించిన ఎత్తుకు అదొక్కటే చాలదు. చాలుతుందని చెప్పే దుకాణదారు ఆ ఇంటి మెట్లు చూడలేదన్నమాట.

మరి మూడడుగుల గచ్చు ఉన్నవాళ్లు ఏం చేయాలి? పొడుగ్గా సిమెంటు ర్యాంపు కట్టించుకోమనడం తేలికే, జాగా ఉండొద్దూ? గత ప్రభుత్వం పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇళ్ల స్థలాలిచ్చింది. సెంటంటే 435 చదరపు అడుగులు. అందులో 36 అడుగుల ర్యాంపు తిన్నగా వేస్తే ఎదురింటి వాకిట్లో తేలుతుంది. వీధివైపు రోడ్డు, సైడు కాలువ, మెట్లు అన్నీ ఒకేచోట ఇరుక్కుని ఉంటాయి. కాబట్టి పక్క గుమ్మమో దొడ్డి గుమ్మమో చూసుకోవాలి. కృష్ణా డెల్టా వాళ్లకు బాగా తెలిసిన పని మెరక తోలడం. ఇక్కడ పనికొచ్చేదీ అదే. నాలుగడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు, చివరికొచ్చేసరికి రెండడుగుల ఎత్తు ఉండేలా మట్టితో వాలు తీయడానికి పట్టేది 96 ఘనపుటడుగుల మట్టి. ట్రాక్టరు ట్రక్కులు ఒకటి రెండు చాలు. గోడకు తడి పట్టకుండా పక్కన చిన్న ఇటుక కట్టు, పైన గరుకుగా సిమెంటు. నున్నగా చేస్తే వానాకాలంలో పాచి పట్టి నడిచేవాళ్లే జారిపడతారు. అలా రెండడుగులు మెరకతో గడిచాక మిగిలే అడుగు ఎత్తుకు మడత ర్యాంపు వేసుకోవచ్చు. దొడ్డి నైరుతి వైపుంటే వాస్తు పట్టింపున్న మామగారు కూడా అడ్డు చెప్పరు, ఆ మూల మెరక ఉండాలనే కదా ఆయన ఇన్నాళ్లూ చెబుతున్నది.

ఎత్తు సంగతి తేలాక బండి ఏ రకమో చూడాలి. చవగ్గా, తేలిగ్గా దొరికేవి రెండు పట్టాల ర్యాంపులు, అంటే ఒక్కోవైపు చక్రాలకు ఒక్కో చానలు. చక్రాల కుర్చీకి పనికొస్తాయి. మూడు చక్రాల సైకిలుకు, మూడు చక్రాల బ్యాటరీ బండికి పనికిరావు, ముందు చక్రం సరిగ్గా మధ్య ఖాళీలోకి దిగిపోతుంది. రెండు పక్కలా అదనపు చక్రాలు బిగించిన స్కూటీదీ అదే ఇబ్బంది. వీటికి నిండు పలక ఉన్న ర్యాంపే కావాలి. వెడల్పు కూడా బండి చక్రాల అంచు నుంచి అంచుకు కొలిచి, రెండువైపులా రెండేసి అంగుళాలు వదులు చూసుకుని తీసుకోవాలి. బ్యాటరీ బండీ దానిమీది మనిషీ కలిస్తే 150 నుంచి 200 కిలోల దాకా వస్తుంది, ర్యాంపు మోసే బరువు దానిమీద రాసి ఉందో లేదో చూడాలి. ఇంకో చిక్కు ఎక్కేదాకా తెలియదు. వాలు ఎక్కువైతే పైఅంచు దగ్గర బండి అడుగు భాగం గచ్చుకు రాసుకుని, ముందు చక్రం లోపల, వెనక చక్రాలు ర్యాంపు మీద ఉండగా ఆగిపోతుంది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు.

ఇంత చేసి వసారాలోకి చేరాక గడప ఎదురవుతుంది. పాత ఇళ్లలో అది మూడు నాలుగు అంగుళాల ఎత్తుంటుంది. దాన్ని కోయించేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టే గడపను కోయమంటే ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? ఒప్పుకోనక్కర్లేదు కూడా. గడపకు తగలకుండా పైనుంచి దాటిపోయే చిన్న వంతెనలాంటిది ఏ వడ్రంగైనా ఒక పూటలో చేస్తాడు. అటో చెక్క వాలు, ఇటో చెక్క వాలు, మధ్యలో గడప మీదుగా పలక. వారానికోసారి తీసి, గడప కడిగి, పసుపు రాసి, ఆరాక మళ్లీ వేసుకోవచ్చు.

కొనడం కంటే చేయించుకోవడమే మేలనుకునేవాళ్లకు బందరులో వెల్డింగు షాపులున్నాయి, విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది. కాకపోతే ఇది ఉప్పుగాలి వీచే సీమ. ఇనుముతో చేయిస్తే చవకే, ఏటా రంగు వేయకపోతే రెండు మూడు వర్షాకాలాల్లో అతుకుల దగ్గర తుప్పు తినేస్తుంది. అల్యూమినియం గళ్ల రేకు మేలు, దానికి స్టెయిన్‌లెస్ బోల్టులే వాడాలి. మామూలు ఇనుప బోల్టు వేస్తే ఉప్పు తేమకు తుప్పు తినేయడం మొదలవుతుంది. రెండంచులూ రెండంగుళాలు పైకి మడవాలి, చక్రం పక్కకు జారకుండా. పై కొస గచ్చు మీద కనీసం జానెడు ఆనాలి, గుమ్మానికి కొక్కెంతోనో గొలుసుతోనో బిగించాలి, లేకపోతే బరువు పడగానే ర్యాంపే వెనక్కి జారుతుంది. డబ్బు చేతిలో పెట్టేముందు షాపులోనే రెండు కొసలూ దిమ్మల మీద ఆనించి, నడిమధ్య రెండు ధాన్యం బస్తాలు వేయించి చూడాలి. బ్యాటరీ బండి కోసమైతే మూడు. కాసేపయ్యాక బస్తాలు తీస్తే పలక మళ్లీ తిన్నగా అయిందంటే సరే.

ఇక్కడిదాకా ఇంటి సంగతి. ఆఫీసులు, బ్యాంకులు, ఆసుపత్రుల దగ్గర మడత ర్యాంపుకు ఇంకో పాత్ర ఉంది, అది అంత మంచిది కాదు. 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్ మినార్, ఎర్రకోట, హుమాయూన్ సమాధి, జంతర్ మంతర్ దగ్గర పురావస్తు శాఖ చెక్క ర్యాంపులు వేయించింది. దివ్యాంగుల హక్కుల కోసం పోరాడిన జావేద్ అబిది వెంటపడితే అయిన పని అది. అప్పటిదాకా అసాధ్యమన్నది కొద్ది రోజుల్లో సాధ్యమైంది. వచ్చింది హాకింగ్ కాబట్టి. మన ఊళ్లలో ఆ మర్యాద ఎన్నికల రోజున దొరుకుతుంది. పోలింగ్ కేంద్రమున్న బడికి ర్యాంపు ఉండాలని ఎన్నికల సంఘం నియమం. 2024 మే 13న ఓటు వేయడానికి ఏటవాలు దారిలో బడిలోకి వెళ్లిన తాతయ్య జూన్‌లో బ్యాంకుకు వెళ్తే మళ్లీ మెట్ల కిందే నిలబడాలి.

చట్టం లేక కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పాత ప్రభుత్వ భవనాలను ఐదేళ్లలో అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలంది. 2017 జూన్‌లో నిబంధనలు వచ్చాయి కాబట్టి ఆ గడువు 2022లోనే తీరిపోయింది. దృష్టి లోపమున్న రాజీవ్ రతూరి 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెబుతూ, ఈ ప్రమాణాలను సలహాల్లా వదిలేయడం చెల్లదని, తప్పనిసరిగా పాటించాల్సిన నిబంధనలను మూడు నెలల్లో తయారుచేయాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన అధ్యయనం చేసింది మన హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. కాబట్టి ఐదు మెట్లెక్కి వెళ్లాల్సిన ఆఫీసు, ‘లోపల మడత ర్యాంపుంది, పిలిస్తే వేస్తాం’ అంటే కుదరదు. వేసే అటెండరు భోజనానికి వెళ్తే ఏమిటి గతి? ఆ ర్యాంపు ఏ వాలున ఉంటుందో పైన లెక్క ఉండనే ఉంది.

ఒక్క మెట్టున్న దుకాణాల సంగతి వేరు. వాటి దగ్గర తీసి వేసే ర్యాంపును తప్పుపట్టాల్సిన పని లేదు. కెనడాలోని టొరంటోలో లూక్ ఆండర్సన్ 2011లో మొదలుపెట్టిన స్టాప్‌గ్యాప్ సంస్థ చేస్తున్నది ఇదే. ప్లైవుడ్‌తో చిన్న ర్యాంపులు చేసి, కంటపడేలా రంగులేసి, ఎత్తడానికి తాడు పిడి కట్టి ఒక్క మెట్టున్న షాపుల ముందు పెట్టిస్తున్నారు. బందరు కోనేరు సెంటర్లో మందుల షాపులు, కళ్లద్దాల షాపులు ఆ మాత్రం చేయలేవా? వరద భయానికి అడుగు ఎత్తున కట్టిన ఏటీఎం గదులకైతే కట్టుడు ర్యాంపే ఉండాలి, అక్కడ తీసి వేయడానికి మనిషి ఉండడు.

డెల్టాలో మడత ర్యాంపు ప్రాణం నిలబెట్టే సందర్భం ఒకటుంది. అది తుపాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28న మొంథా వచ్చింది. ముందురోజు మైకులో చాటింపు వేసి ట్రాక్టర్లలో, ఆటోల్లో జనాన్ని షెల్టర్లకు తరలిస్తారు. 1977 తర్వాత స్తంభాల మీద ఎత్తుగా కట్టిన పాత షెల్టర్లకు మెట్లే దారి, ప్రపంచ బ్యాంకు సాయంతో తర్వాత కట్టిన వాటి నమూనాల్లో ర్యాంపు చేరింది. షెల్టరుకు ర్యాంపు ఉన్నా ఇంటికీ ట్రాక్టరుకూ లేకపోతే మనిషి గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. గాలివానలో నలుగురు మనుషులు దొరకరు, దొరికినవాళ్లకు వాళ్ల పిల్లలు, గొడ్లు ఉంటాయి. ప్రతి గ్రామ సచివాలయంలో నిండు పలక ఉన్న ఎనిమిదడుగుల ర్యాంపులు రెండుంటే ఆ ఒక్క రోజుకైనా ఖర్చు గిట్టినట్టే. మిగతా రోజుల్లో పెళ్లికో, ఆసుపత్రి ప్రయాణానికో, పెద్దకర్మకో అడిగినవాళ్లకు ఇచ్చి రాయించుకోవచ్చు. వంటపాత్రలు, కుర్చీలు అద్దెకిచ్చే టెంట్ హౌస్‌లు కూడా ఈ పని చేయొచ్చు, ఇంతవరకు అడిగినవాళ్లు లేక చేయడం లేదేమో.

అన్నిటికంటే ముందు కావాల్సింది బండితో పాటే ర్యాంపు మంజూరు. 2019లో వచ్చిన గ్రామ సచివాలయాల్లో ఇంజినీరింగ్ అసిస్టెంటు, వెల్ఫేర్ అసిస్టెంటు ఒకే చూరు కింద కూర్చుంటారు. దరఖాస్తు ఒకరిది, కొలత ఒకరిది, ఇద్దరూ కలిసి ఆ ఇంటికి వెళ్లొస్తే అరగంట పని. మూడడుగుల గచ్చయితే మెరక, ర్యాంపు కలిపి. రెండు మెట్లయితే మడత ర్యాంపు. ఒక్క మెట్టయితే వడ్రంగి చేసే చెక్క. ఇప్పుడు బండి కోసం పెట్టుకునే దరఖాస్తుకు ఆధార్ కార్డు, వైకల్యాన్ని నిర్ధారించే సదరం సర్టిఫికెట్టు, ఫొటో జతచేయమంటున్నారు. అందులో ఇంకో రెండు గళ్లు పెట్టాలి: గుమ్మం ఎత్తు ఎన్ని అంగుళాలు, గుమ్మం ముందు జాగా ఎన్ని అడుగులు. ఆ గళ్లు నిండని దరఖాస్తుకు బండి విడుదల చేయకూడదు, నింపే బాధ్యత మాత్రం మంచం మీదున్న మనిషిది కాకూడదు.